రాజమండ్రిలో ఇరవై ఏడు

“ఈ ఎండల్లో పసిదాన్ని పల్లెటూరు పంపనంటే పంపనండీ అన్నయ్యగారూ!” అంది నాగదుర్గ, మనవరాలిని గుండెకు హత్తుకుని.

పిల్లకి మూడో నెల వచ్చింది కదా, కోడలినీ మనవరాలినీ తీసుకెళ్దామని ద్రాక్షారామం పక్క పల్లె నుంచి రాజమండ్రి వచ్చాడు వియ్యంకుడు బుల్లియ్య. కండువాతో మెడ తుడుచుకున్నాడు.

“ఎండ రెండు చోట్లా ఒకటేనండి చెల్లెమ్మగారూ. వేడే మీ దగ్గర ఎక్కువ. పగలంతా మీ గోడలూ రోడ్లూ ఎండ తాగి కూర్చుంటాయి. చీకటి పడ్డాక తీరిగ్గా కక్కుతాయి. ఏసీలేమో గదిలో వేడిని పట్టుకెళ్లి వీధిలో పారబోస్తాయి. మాకు చెట్లున్నాయి, తడి నేలుంది. ఆ నీరు ఆవిరై పోతూ పోతూ వేడిని వెంటబెట్టుకుపోతుంది. మొన్న మా పెరట్లో కప్ప చలికి దగ్గిందండి!”

“కప్ప దగ్గడం మీరు విన్నారా?”

“వినడమేంటండి? మిరియాల కషాయం కాచి పోసింది మీ వదినగారే.”

నాగదుర్గ కూతురు పావని ఫక్కున నవ్వింది. పిల్ల మాత్రం ఏడుపు అందుకుంది. మెడ నిండా చెమటకాయలు. ఏసీ పెడితే జలుబు, తీస్తే ఇవి.

బుల్లియ్య సంచిలోంచి రెండు గోడ థర్మామీటర్లు తీశాడు.

“ఒక్క కొట్లోనే కొన్నానండి. ఒకటి మీ బాల్కనీలో, ఒకటి మా అరుగు మీద. రేపు రాత్రి ఎనిమిదింటికి ఫొటోలు పంపుకుందాం. మా ఊరు చల్లగా ఉంటే పిల్లని పంపండి. మీ ఊరు చల్లగా ఉంటే వేసవి వెళ్లేదాకా పిల్ల మీ దగ్గరే. నోరెత్తితే ఒట్టు.”

“సరేనండి!” అంది నాగదుర్గ పౌరుషంగా.

మర్నాడు రాత్రి ఏడున్నరకే బాల్కనీలోకి తొంగిచూసింది. ముప్ఫై అయిదు. గోడ మీద చెయ్యి వేస్తే అప్పుడే పొయ్యి మీంచి దించిన పెనంలా ఉంది.

పావని లోపల పిల్లకి ఒళ్లు తుడుస్తోంది. నాగదుర్గ చప్పుడు కాకుండా థర్మామీటరు తీసుకెళ్లి ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన పెట్టింది. ఎనిమిదవుతుండగా తీసి చూస్తే పన్నెండు! అయ్యబాబోయ్, ఇదెవరు నమ్ముతారు? బాల్కనీలో తగిలించి పక్కనే నిలబడింది. అంకె మెల్లగా ఎక్కి ఇరవై ఏడుకు రాగానే ఫొటో తీసి పంపేసింది.

బుల్లియ్య ఫొటో వచ్చింది. ముప్ఫై. కింద ఒక ముక్క: “ఓడిపోయానండి చెల్లెమ్మగారూ.”

“మా బంగారుతల్లి ఎక్కడికీ వెళ్లదు” అని పిల్లని ముద్దులాడి, ఆ రాత్రి నిశ్చింతగా పడుకుంది.

తెల్లారి ఆరింటికి కాలింగ్ బెల్ మోగింది. తలుపు తీస్తే బుల్లియ్య. వెనకాల పరుపుచుట్టతో ఆయన భార్య. కింద వ్యాన్‌లోంచి మడతమంచాలు ఒక్కొక్కటే దిగుతున్నాయి.

“మీ ఇరవై ఏడు చూశాక మా ముప్ఫైలో ఒకటే ఉక్కపోతండి చెల్లెమ్మగారూ” అన్నాడు బుల్లియ్య చెప్పులు విప్పుతూ, “పదకొండు మందిమే వచ్చాం, వేసవి వెళ్లేదాకా మీ బాల్కనీలోనే సర్దుకుంటాం.”