జర కూసో బిడ్డా

“జర కూసో బిడ్డా! మస్తు ఆడినవ్, ఇగ జర కూసో!”

బెంచీ వెనక గోడ పక్క నుంచి ఆ గొంతు మళ్లీ వినపడింది.

బంతి వేయబోతున్న ఆమనికి ఒళ్లు మండింది. గురి తప్పి, బంతి రింగుకు తగిలి బయటికి పోయింది.

ఉప్పల్ గ్రౌండులో మహిళా కాలేజీల బాస్కెట్‌బాల్ ఫైనల్ అది. నాచారం జట్టుకు ఆమని కెప్టెన్. కాలేజీ గేటు మీది ఫ్లెక్సీలో ఉన్నది ఆమె ఫొటోయే. కాలేజీలో చేరింది మొదలు ఒక్క మ్యాచ్‌లో కూడా బెంచీ మీద కూర్చోలేదు. కాలు బెణికినా ఆడింది, జ్వరమొచ్చినా ఆడింది. చదువు అయిపోతోంది, ఇదే ఆఖరి ఆట. ఇది కూడా చివరిదాకా ఆడి, కోర్టులో నిలబడే గెలవాలని ఆమె పంతం.

అలాంటి పిల్లను పట్టుకుని కూర్చోమంటుందా!

ఆ ఆడమనిషి ఎవరో ఎవరికీ తెలియదు. మందుల కంపెనీలో పెట్టుకునే నీలం గుడ్డ టోపీ తల మీద అలాగే ఉంటుంది. షిఫ్టు దిగి నేరుగా వస్తుందేమో. మ్యాచ్ ఎక్కడుంటే అక్కడికి వస్తుంది. కుర్చీలు ఖాళీగా ఉన్నా కూర్చోదు.

చిత్రమేమిటంటే, ఆమని బాస్కెట్ వేసినప్పుడల్లా అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టేది కూడా ఆవిడే. కొట్టి, వెంటనే కూర్చోమనేది.

మెచ్చుకుంటున్నట్టా, దిష్టి పెడుతున్నట్టా?

విరామం విజిల్ పడింది. నాచారం బాగా ముందుంది. స్వర్ణలత ఖాళీ సీసాలు పోగుచేసుకుని కుళాయి దగ్గరికి పోయింది. ఆమనితోపాటే జట్టులో చేరి, అదే జెర్సీ వేసుకుని, ఇన్నేళ్లూ బెంచీ మీదే కూర్చున్న పిల్ల. సీసాలు నింపమని ఆమెకు ఎవరూ చెప్పలేదు. వద్దని కూడా ఎవరూ అనలేదు. జట్టులో పేరు రాసుకుని ఒక్కసారైనా ఆడించకపోవడం అన్యాయమని ఆ కాలేజీలో ఒక్కరికీ తట్టలేదు.

ఆమని నేరుగా కోచ్ ఉమాపతి దగ్గరికి వెళ్లింది.

“సార్, ముందు ఆవిణ్ణి బయటికి పంపించండి. లేకపోతే నేను ఆడను.”

“గట్లంటవేంది? ఏదో పిచ్చిది, ఇడిసెయ్.”

“పిచ్చీ కాదు, ఏమీ కాదు. ఎవరో కావాలనే పంపిస్తున్నారు. ఎప్పుడు చూసినా నన్ను కూర్చోమనడమే. నేను కూర్చుంటే ఎవరికి సార్ లాభం? అవతలి జట్టుకేగా!”

ఉమాపతికి ఆ మాట సబబుగానే తోచింది. వాచ్‌మన్ కొమురెల్లిని పిలిచాడు.

కొమురెల్లి వెళ్లి ఆవిడ ముందు నిలబడ్డాడు.

“బయటికి నడువమ్మా.”

“ఎందుకన్నా? నేనేం జేసిన?”

“ఆడే పిల్లను కూసోమంటవా? నడువు, నడువు.”

“ఇగ నోరు దెరువ, దండం బెడ్త. గిదే ఆకరి మ్యాచ్ అన్నా. అయ్యేదాంక జర ఉండనియ్యి.”

“నీకేం పని గీ మ్యాచ్‌తోని?”

ఆవిడ కుళాయి వైపు చూసింది.

ఆమని అక్కడి నుంచే అరిచింది.

“సిగ్గుగా లేదా అండీ మీకు? ఒక ఆడపిల్ల కష్టపడి పైకొస్తుంటే చూసి ఓర్వలేరా?”

మెట్ల మీద కూర్చున్న అమ్మాయిలు చప్పట్లు కొట్టారు. ఎవరో ఈల కూడా వేశారు.

ఆవిడ టోపీ తీసి చేతిలో పట్టుకుని, తల వంచుకుని బయటికి నడిచింది. కొమురెల్లి రేకు గేటు మూసి గడియ పెట్టాడు.

ఆట మళ్లీ మొదలైంది. ఆమని కోపం దిగలేదు. ఆ కోపంతోనే బాస్కెట్ మీద బాస్కెట్ వేసింది. ఆ కోపంతోనే ఎదుటి పిల్లను భుజంతో నెట్టేసింది.

రిఫరీ విజిల్ వేసి అయిదు వేళ్లు చూపించాడు. అయిదో ఫౌల్. ఇక ఎంత పేరున్న ఆటగత్తె అయినా బయటికి రావాల్సిందే.

ఆమని మొదటిసారి బెంచీ మీద కూర్చుంది. ఏడుపు ఆగలేదు.

ఉమాపతి బెంచీ వైపు చూశాడు. మిగిలిన ఇద్దరిలో ఒకరి మోకాలికి కట్టు ఉంది. రెండో పిల్ల స్వర్ణలత.

“పో, నువ్వే పో. ఎట్లయినా గెలుస్తున్నం గదా.”

ఇన్నేళ్లకు ఆడమని పిలిచి, అనాల్సిన మాటేనా అది!

స్వర్ణలత సీసాలు కింద పెట్టి పరిగెత్తింది. జట్టులో ఎవరూ ఆమెకు బంతి ఇవ్వలేదు. అవతలి పిల్ల చేతిలోంచి తనే లాక్కుంది. ఆట ముగుస్తుందనగా దూరం నుంచి విసిరింది. బంతి రింగును తాకకుండా వలలోంచి కిందికి జారింది.

విజిల్. నాచారం గెలిచింది.

అందరూ ఒకరి మీద ఒకరు పడి గెంతుతున్నారు. స్వర్ణలత మాత్రం బెంచీ వెనక గోడ వైపు చూస్తూ నిలబడింది. ఆమె ముఖంలో నవ్వు మెల్లగా తగ్గిపోయింది.

ఆమని కళ్లు తుడుచుకుని వచ్చి ఆమె భుజం తట్టింది.

“అదరగొట్టావే! ఎవరి కోసం చూస్తున్నావ్?”

“మా అమ్మ. ఒక్క మ్యాచ్ ఇడిసిపెట్టలే. నువ్వు మస్తు కొడితే, నిన్ను జర కూసోవెట్టి నన్ను దింపుతరని ఆమె ఆశ. బెంచీ మీద కూసునేదానికి అమ్మ ఎందుకొచ్చిందని నవ్వుతరు, ఎవ్వరికి జెప్పకని నేనే ఒట్టు వెట్టిచ్చుకున్న.”

స్వర్ణలత మళ్లీ గోడ వైపు చూసింది.

“నీలం టోపీ వెట్టుకొని గాడ్నే నిలవడుతది. నువ్వేమన్న సూసినవా ఆమనీ?”