వార్చేసిన నీళ్ళు

తన ఇంటి కూరల్లో రుచంతా సరస్వతి పెరట్లో పారబోస్తోందని వరప్రసాదుకి కడుపుమంట.

ఆ రోజు బంగాళాదుంప ముక్కలు ఉడికించి, ఆ నీళ్ళు అరటిచెట్టు మొదట్లో వారుస్తూ దొరికిపోయింది.

"ఏటమ్మా సేత్తన్నావు?"

"వారుత్తన్నాను అన్నియ్యా."

"సారమంతా ఆ నీళ్ళలోనే ఉంటాది. అది సెట్టుకి పోసి నా పెళ్ళానికి పిప్పెడతావా?"

"ఆ సారమే వొదినకి పడదు."

అతని భార్య దయమ్మ కిడ్నీలు చాలామటుకు పాడైపోయాయని పలాస డాక్టరు చెప్పేశాడు. నోరు కట్టుకుంటే రక్తం కడిగే మిషను ఎక్కకుండా కొన్నాళ్ళు నెట్టుకురావచ్చన్నాడు.

మిషనంటే వరప్రసాదుకి హడల్. వాళ్ళన్న ఎక్కాడు. మళ్ళీ తోటలో అడుగు పెట్టలేదు.

మందులకీ తిరుగుళ్ళకీ ఎనభై సెంట్ల జీడితోట అప్పటికే చేయి దాటిపోయింది. ఇక మిగిలింది దయమ్మ ఒక్కతే.

ఈ సరస్వతి రక్తపరీక్షల వరసలో దయమ్మకి పరిచయమైంది. మొగుడు లేని మనిషి. జలంత్రకోట నుంచి బస్సెక్కి వచ్చి వండిపెట్టేది. పైసా అడగదు. మధ్యమధ్యలో మాత్రం మాయమైపోయేది.

ఊరికే ఎవరు వండుతారు? ఏదో మతలబు ఉందనే అనుకున్నాడు వరప్రసాదు.

ఎండుచేప బంద్. పనసకాయ బంద్. టమాటా బంద్. మకరోనీ ఉడికించి వార్చి, ఉల్లిపాయా మిరియాలపొడీ వేసి ఉప్మాలా తిప్పేది. పచ్చసొన తీసేసి ఆమ్లెట్టు పోసి, బ్రెడ్డు ముక్కల మధ్య పెట్టి ఇచ్చేది.

దయమ్మ ఇష్టంగా తినేది. అది చూస్తే అతనికి ఇంకా మంట.

"దొరసాని తిండి తింతన్నావు. రేపట్నించి గౌనేసుకో."

"నువ్వు టోపీ ఎట్టుకో. జోడు కుదురుతాది."

దయమ్మ నవ్వింది. సరస్వతీ నవ్వింది. వరప్రసాదు నవ్వలేదు.

ఎండలు ముదిరాయి. ఒళ్ళు కాలిపోతోందని దయమ్మ మంచం మీద దొర్లుతుంటే, పెరట్లో కొబ్బరిచెట్టు దింపించి బొండాం కొట్టి చేతికిచ్చాడు.

సరస్వతి పరిగెత్తుకొచ్చి బొండాం లాగేసుకుంది.

"ఇది వొదినకి విషం అన్నియ్యా!"

"ఉద్దానంలో పుట్టి కొబ్బరినీళ్ళు విషమన్న మనిసిని నిన్నే సూత్తన్నాను. మా అమ్మ పోతాపోతా అడిగింది ఈ నీళ్ళే. నీ మొగుడికీ ఇలాగే సప్పిడి పెట్టి సాగనంపీసినావా?"



"అప్పటికి నాకీ వంట రాదన్నియ్యా," అంది సరస్వతి. "ఆయనకి బొండాలే తాగించినాను."

"కతలు సెప్పకు. మల్లీ ఈ గుమ్మం తొక్కొద్దు."

"ఏటా మాటలు! మనిసివేనా?" అని దయమ్మ అరుస్తూనే ఉంది.

సరస్వతి మకరోనీ గిన్నె మీద పళ్ళెం బోర్లించి, చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

వరప్రసాదుకి ఇల్లు తనదైనట్టు అనిపించింది. పనసకాయ కూర వండాడు. టమాటా చారు కాచాడు. పొద్దున ఒక బొండాం, సాయంత్రం ఒక బొండాం.

"తాగే. సలవ సేత్తాది."

దాహానికి ఆగలేక దయమ్మ తాగింది.

ఆదివారం ప్రార్థనకి బయల్దేరుతూ గుమ్మంలోనే కూలబడిపోయింది.

"కాళ్ళు నావి కావనిపిత్తందయ్యా."

పక్కింటి పైడయ్య ఆటోలో పలాస పట్టుకుపోయారు.

"ఏం తాగించావు?" అన్నాడు డాక్టరు.

"కొబ్బరినీళ్ళు బాబూ."

డాక్టరు అతన్ని తిట్టను కూడా లేదు. "అందులోని పొటాషియం ఒంట్లో పేరుకుపోయింది, గుండె ఆగేలా ఉంది. మందులు ఎక్కిస్తున్నాం, కానీ వెంటనే మిషను మీద పెట్టాలి. అన్నిటి మీదా మనుషులున్నారు. శ్రీకాకుళం తీసుకుపోతారా?"

"అంతదాకా బతుకుద్దా బాబూ?"

డాక్టరు దయమ్మ మంచం వైపు నడిచాడు.

వరప్రసాదు మిషన్ల గది తలుపు ముందు కూలబడ్డాడు. "దయా! దయా! నానే సంపీసినాను!" అని తల బాదుకున్నాడు.

కాసేపటికి తలుపు తెరుచుకుంది. నర్సు లావణ్య.

"తీసుకురండి, తొందరగా. లోపల ఒకావిడ దిగిపోతోంది. ఇందాకే ఎక్కింది. తన వంతు మీకిచ్చేసింది."

"ఎవరమ్మా ఆ తల్లి?"

"తరవాత అడుగుదురు గాని, ముందు కాళ్ళ వైపు పట్టండి!"

స్ట్రెచరు లోపలికి పోయింది. అతన్ని బయటే ఆపేశారు. ఆ దిగినావిడ ఏ తలుపులోంచి వెళ్ళిందో అతను చూడలేదు.

దయమ్మ బతికింది. ఇక మిషను తప్పదన్నారు. ఇంటికొచ్చాక ఆమె అన్న మొదటి మాట ఒక్కటే.

"ఆ తల్లికి నీ సేత్తో వొండి పట్టికెళ్ళు. మిషను మనిసి తినే వంటే వొండు."

మంచం మీంచి ఆమె చెబుతుంటే అతను మకరోనీ ఉడికించి వార్చాడు. ఉప్పు మీదికి పోతున్న చేతిని తనే వెనక్కి తీసుకున్నాడు.

మళ్ళీ వంతుకి దయమ్మని పడుకోబెట్టి, క్యారేజీతో లావణ్య ఎదుట నిలబడ్డాడు.

"ఆ రోజు దిగిపోయిన తల్లికమ్మా. ఏ మంచం?"

లావణ్య క్యారేజీ వంక చూసింది.

"ఆవిడ లేరండి. సాయంత్రం వంతు దాకా ఉండమన్నాం. ఆఖరి బస్సు దాటిపోతుందని వెళ్ళిపోయింది. రాత్రి ఆయాసం వచ్చి, ఊళ్ళోనే పోయిందట."

వరప్రసాదు క్యారేజీ నేల మీద పెట్టేశాడు.

"ఏ ఊరమ్మా?"

"అదేంటండీ, మీకు తెలీదా? తలుపవతల మీ ఏడుపు విని, 'అది మా అన్నియ్య గొంతు, నన్ను దింపీండి' అంది సరస్వతమ్మ."