ఆవకాయకి ఉప్పు

భాస్కరానికి నలభై ఆరేళ్లకే బీపీ వచ్చింది. ఆనాటి నుంచి వాళ్ల వంటింట్లో ఉప్పు, గోడకి బిగించిన యంత్రపు పెట్టె చేతిలోకి పోయింది. ఊళ్లో అందరిళ్లలోనూ అంతే. పొద్దున్నే మనిషి చేతి పట్టీ బీపీ చెబితే, దాన్నిబట్టి పెట్టె ఉప్పూ మాత్రా ఇస్తుంది.

ఆవకాయ పెట్టే రోజు పెట్టె చిటికెడు ఉప్పు రాల్చి మూసుకుంది. కొట్టిన ముక్కలన్నీ కుళ్లిపోతాయని అతని తల్లి మాణిక్యాంబ భయపడింది. కొడుకు స్నానానికి వెళ్లగానే అతని పట్టీ తీసి మనవరాలి చేతికి పెట్టింది.

"ఎందుకు నాయనమ్మా?"

"గాజనుకోవే. నాన్నతో అనకు."

పెట్టె ధారగా ఉప్పు పోసింది. మూడోనాడు ఊరగాయ తిరగకలిపి ఉప్పు సరిచూడాలి గనక, అందుకు ఉప్పు కూడబెట్టాలని రోజూ పొద్దున్నే అలాగే చేసింది.

మూడోనాడు భాస్కరం మెడ వెనక రుద్దుకుంటూ వచ్చాడు. "తల బద్దలైపోతోందమ్మా. రెండ్రోజులుగా మాత్ర రావట్లేదేం?"

ఆవిడ గబగబా పిల్ల చేతి పట్టీ లాగి కొడుక్కి పెట్టింది.

"ఇది ఎవరి చెయ్యి?" అంది పెట్టె మెత్తగా. "మూడు రోజులుగా భాస్కరం గారి గుండె పసిపిల్లల గుండెలా కొట్టుకుంటోంది. ఇది ఆ గుండె కాదు. కొత్తవారికి మాత్రలు ఇవ్వం."

భాస్కరం గోడకి జారగిలబడి కూర్చున్నాడు. మాణిక్యాంబ పెట్టెకి చేతులు జోడించింది.

"వీడే బాబూ భాస్కరం. నేను కన్నవాడే."

ఆ పేరు వినగానే పెట్టె తెరుచుకుంది. మాత్ర రాలేదు, ఉప్పు రాలుతూనే ఉంది.