బోర్లా పడ్డ డిస్క్

మెషీన్లతో మాట్లాడటం మెకానిక్‌కి అలవాటు. రాత్రి షట్టర్ సగం దించి, "ఉన్నదంతా తుడిచేస్తా, కొత్త పెళ్ళికూతురిలా అయిపోతావ్" అంటూ రిపేరుకొచ్చిన ఒక పాత కంప్యూటర్‌లో ఇన్‌స్టలేషన్ డిస్క్ పెట్టాడు.

కాసేపు గుర్రుమని ట్రే బయటికొచ్చింది. డిస్క్ బోర్లా ఉంది.

"నా మతిమరుపు మండ!" ఈసారి చూసి మరీ పెట్టాడు. మళ్ళీ బోర్లానే వచ్చింది.

మూడోసారి సరిగ్గా పెట్టి, ట్రే మూసి, కంప్యూటర్ తెచ్చినావిడకి ఫోన్ చేశాడు.

"అక్కా, ఇది డిస్కుని తిప్పి బయటికి తోసేస్తోంది."



"పోయిన మా ఆయన అలవాటయ్యా అది. ఎన్నిసార్లు చెప్పినా బోర్లానే పెట్టేవారు." ఆవిడ గొంతు తగ్గించింది. "తుడిచేస్తానని దాని ముందు అనలేదు కదా?"

అతను నోరు తెరిచేలోపే ట్రే మెల్లగా బయటికొచ్చింది.

ఖాళీగా ఉంది.