మూత లేని విమానం

టక్కుమంది. స్నేహలత చేతిలో బ్లేడు ఆగిపోయింది. బొమ్మ విమానంలో పైలట్ సీటు మీద బిగించాల్సిన అద్దంలాంటి మూత నిలువునా రెండు ముక్కలైంది.

"కతం దిలీప్" అంది.

"ఇంకోటి లేదా?" అడిగాడు పక్కనే ఉన్న క్లాస్‌మేట్ దిలీప్.

"ఒక్కటే ఇచ్చిండ్రు."

మామూలు కిట్ అయితే ముక్కలు విడివిడిగా వస్తాయి, అతికిస్తే సరి. ఇది అలా కాదు. స్వీటు డబ్బాలోని ట్రేలాగా, తెల్లటి ప్లాస్టిక్ షీటు మీద విమానం భాగాలు ఉబ్బెత్తుగా ఉంటాయంతే. ఒక్కోదాన్నీ కోసి, తడి ఎమరీ పేపరు మీద అరగదీసి, జత కుదర్చాలి. స్నేహలతకు ఇదే మొదటిసారి. పదిహేను రోజులు వేళ్లు అరిగేలా చేసింది. తీరా చివరి ముక్క దగ్గర కొంప మునిగింది.

పదకొండింటికి డిపార్ట్‌మెంట్‌లో సభ. ఎయిర్‌ఫోర్సులో రిటైరై తార్నాకలో ఉంటున్న జ్ఞానప్రకాశం గారికి సన్మానం. ఈ విమానమే బహుమతి. హెచ్చోడీ వెంకటకృష్ణ ముందే హెచ్చరించాడు. "ఆయన నడిపిన విమానమిది. పైలట్ కండ్లు, చిన్న తప్పున్నా పట్టేస్తయ్. తేడా వచ్చిందో, నీ ప్రాజెక్టు మీద సంతకం పెట్ట."

సంతకం పడకపోతే ఏడాది పోయినట్టే.

"నీళ్ల బాటిల్ కోసి పెడ్దామా?" అన్నాడు దిలీప్.

"పిచ్చా? పైలట్‌కు తెల్వదా?"

"మరేం చేస్తవ్?"

"తెలుస్తలేదు. మస్తు భయమైతున్నది."

సభలో శాలువా కప్పడం అయింది. స్నేహలత విమానాన్ని బల్ల మీద పెట్టింది. హెచ్చోడీ ముఖం మాడిపోయింది.

"స్నేహలతా, మూతేది?"

మైకు ఆన్‌లోనే ఉంది. హాలంతా విన్నది.

"సార్... అది..."

జ్ఞానప్రకాశం విమానాన్ని రెండు చేతులతో తీసుకున్నాడు. అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆయన చేతులు వణుకుతున్నాయి. కోపం కాబోలు అనుకుని స్నేహలత కళ్లు మూసుకుంది.

"మూత ఉండకూడదండీ" అన్నాడాయన. "నేను ఆఖరుసారి దిగినప్పుడు లేదు. గాల్లోనే ఊడి ఎగిరిపోయింది. ఈ అమ్మాయికెలా తెలిసిందో గానీ, అచ్చం అలాగే చేసింది."

చప్పట్లు మోగాయి.

"నేనే చెప్పిన సార్, గట్లనే చెయ్యమని" అన్నాడు హెచ్చోడీ మైకు అందుకుని.

సభ అయ్యాక వరండాలో టీ ఇచ్చారు. ఒక మూల ఒంటరిగా నిలబడ్డ జ్ఞానప్రకాశం దగ్గరికి వెళ్లి స్నేహలత చేతులు జోడించింది.

"పోయిన పానం మళ్లొచ్చింది సార్. నిజంగనే ఊడిపోయిందా?"

ఆయన చుట్టూ చూశాడు. దగ్గర్లో ఎవరూ లేరు. చేతిలో టీ కప్పు ఇంకా వణుకుతూనే ఉంది.

"నాకేం తెలుసమ్మా? ఎయిర్‌ఫోర్సులో చేశాననగానే పైలట్‌నని అనేసుకున్నారు మీ సారు. కాదనే ధైర్యం లేక వచ్చేశాను. ఎవరేం అడుగుతారోనని పొద్దుట్నుంచీ నాకూ ఒకటే దడ" అని, గొంతు ఇంకా తగ్గించాడు.

"నేనక్కడ వంటవాణ్ణి."