సగం మనదైతే

“బ్యాటరీ బండా? మధ్యలో ఆగిపోదు కదా?”

టాక్సీ ఎక్కుతూనే ఆ పెద్దమనిషి అడిగిన మాటకు డ్రైవరుకి ఒళ్లు మండింది. అయినా నవ్వు ముఖం పెట్టాడు.

ముందు సీట్లో అతని కూతురు కళ్లు మూసుకుని వల్లె వేసుకుంటోంది. “పెట్రోలు లేకపోయినా దేశం తన కాళ్ల మీద తాను నిలబడగలదు...”

“ఎలా తల్లీ?” వెనక నుంచి ప్రశ్న పడింది. “బ్యాటరీ సరుకు పరాయి దేశాల నుంచే వస్తోందిగా?”

కూతురు వల్లె వేయడం ఆపేసి కళ్లు తెరిచింది.

డ్రైవరుకి భయం పట్టుకుంది. కిందటేడు డిబేట్ పోటీలో మొదటి ప్రశ్నకే పిల్ల నోరు పెగల్లేదు. ఏడుస్తూ స్టేజీ దిగింది. ఇవాళ కూడా అలాగే అయితే మళ్లీ మైకు ముఖం చూడదు.

“సార్, దాన్ని కాస్త వదిలేయండి.”

“నువ్వుండు నాన్నా,” అని కూతురు వెనక్కి తిరిగింది. “ఇటుకలు బయట కొన్నా ఇల్లు మనదేనండీ. బ్యాటరీ ఒకసారి కొంటే ఏళ్లు నడుస్తుంది. పెట్రోలు రోజూ కొనాలి.”

“సరే. పెట్రోలుకి బదులు పంటలతో ఇంధనం చేస్తామంటారు, మరి తిండో?”

“గింజలు మనకే. ఇంధనానికి మిగిలిన గడ్డీ చెత్తా చాలు.”

“చెత్తతో దేశమంతా నడుస్తుందా?”

ఈ ముసలాయన వదిలేలా లేడని డ్రైవరు పళ్లు నూరాడు.

కూతురు వేళ్ల మీద ఏదో లెక్కేసుకుంది.

“నడవదండీ. ఏ ఒక్కదానితోనూ నడవదు. కానీ అన్నీ కలిపి సగం మనదైతే, మిగతా సగానికి ఎవరి కాళ్లూ పట్టుకోనక్కర్లేదు. బేరం మన చేతిలో ఉంటుంది.”

పెద్దమనిషి ముందుకు వంగి పిల్లను తేరిపార చూశాడు.

“ఎక్కడికమ్మా, ఇంత తయారై?”

“టౌన్‌హాల్లో డిబేట్ పోటీకండీ.”

“అలాగా!” ఆయన ఉలిక్కిపడ్డాడు. “బాబూ, ఇక్కడే ఆపు.”

“మీరూ టౌన్‌హాలే అన్నారు కదా సార్?”

“ఇప్పుడు అవసరం లేదు.” కిరాయి చేతిలో పెట్టి దిగిపోయాడు.

“ఓడిపోయి ముఖం చాటేశాడు, మొండి ఘటం!” అన్నాడు డ్రైవరు. కూతురు పకపకా నవ్వింది. ఆ నవ్వు విని అతనికి సగం బెంగ తీరింది.

స్టేజీ మీద మొదటి ప్రశ్న బ్యాటరీ గురించే వచ్చింది. కూతురు తడుముకోలేదు. చెత్త సంగతీ వచ్చింది. దానికీ జవాబు చెప్పింది. చివరి వరుసలో నిలబడ్డ డ్రైవరు హమ్మయ్య అనుకుని గోడకు చేరగిలబడ్డాడు.

రెండో బహుమతి వచ్చింది. పిల్ల నోరు విప్పింది, అతనికి అదే పదివేలు.

చివర్లో సభ నడిపే ఆవిడ జడ్జీల వరుసలో మధ్యనున్న ఖాళీ కుర్చీని చూపించింది.

“మా ప్రధాన న్యాయనిర్ణేత రాలేకపోయినందుకు క్షమించాలి. ఆయన ఫోన్లో చెప్పిన మాటే చెబుతున్నాను: ‘దారిలో ఒక పోటీదారుతో వాదించి ఓడిపోయాను, ఇక ఆ పిల్లకు మార్కులు వేసే హక్కు నాకు లేదు.’”