ఫోన్ చేసిందెవరు?

“నా మీద ఫోన్ చేసి చెప్పిందెవరో చెప్తారా, చెప్పరా?”

ఓ పిల్ల తండ్రి బల్ల మీద గుద్దిన గుద్దుకి హెడ్మాస్టరుగారి టీ సగం ఒలికిపోయింది. నిన్న సాయంత్రం పిల్లల రక్షణ చూసే వాళ్ళు ఇంటికొచ్చి, మూడో తరగతి చదివే ఆయన కూతుర్ని తీసుకెళ్ళి అమ్మమ్మగారింట్లో దించారు. పిల్ల చేతుల మీద బెల్టు వాతలు. ఫోన్ బడి నుంచే వచ్చిందని ఆయనకెలాగో తెలిసిపోయింది.

“పేరు చెప్పకూడదండీ. రూలు.”

“అయితే అందర్నీ కలిపి ఉతికి ఆరేస్తా!”

మూల నిలబడ్డ డ్రిల్లు మాస్టారు గొంతు సవరించుకున్నాడు. “అంత శ్రమ ఎందుకులెండి. చేసింది నేనే.”

“ఆయన మాట నమ్మకండి, నేను చేశాను,” అంటూ లెక్కల మేడమ్ లేచింది.

“అయ్యో, చదువు చెప్పేవాళ్ళు అబద్ధాలాడకూడదమ్మా!” అని గుమ్మంలోంచి ఆయా కేకేసింది. “చేసింది నేను బాబూ. ఉతుకుడు సంగతి నాకు బాగా తెలుసు. రా, చూసుకుందాం.”

ఎవరి మీద అరవాలో తెలీక ఆయన ముగ్గుర్నీ మార్చి మార్చి చూశాడు. ముగ్గుర్నీ కోర్టుకీడుస్తానని తలుపు ధడాల్న వేసి వెళ్ళిపోయాడు.

గదిలో అందరూ గొల్లున నవ్వారు. హెడ్మాస్టరు కళ్ళు తుడుచుకున్నారు. “మీ ధైర్యానికి దండం పెట్టాలి. ఇంతకీ నిజంగా చేసిందెవరు?”

“ఇంకెవరు? మేడమే,” అన్నాడు డ్రిల్లు మాస్టారు. “పిల్ల కుడిచెయ్యి కదపలేక ఎడంచేత్తో రాస్తోందని ముందు కనిపెట్టింది ఆవిడేగా!”

“నేనా? ఆటల్లో చెయ్యెత్తలేకపోతోందని మీరు చెప్తే, మీరే చేసుంటారనుకున్నాను. లేకపోతే వాతలు కళ్ళారా చూసిన ఆయా...”

“చూసి అయ్యగారికి చెప్పానమ్మా. అయ్యగారు చేశారనుకున్నా.”

ముగ్గురూ హెడ్మాస్టరు వైపు తిరిగారు. అనుమానం వస్తే చాలు, ఎవరికి వాళ్ళే ఫోన్ చెయ్యాలని స్టాఫ్ మీటింగులో గొంతు చించుకుంది ఆయనే. ఆ నంబరు ప్రతి తరగతి గోడ మీదా దగ్గరుండి అంటించిందీ ఆయనే.

“ముగ్గురు చూశారు కదా, ఎవరో ఒకరు...” అంటూ మధ్యలోనే ఆగిపోయారు. అందరికీ సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

అప్పుడే వెనక గుమ్మంలోంచి అమ్మమ్మ చెయ్యి పట్టుకుని పిల్ల వచ్చింది, నిన్న బళ్ళో మర్చిపోయిన సంచీ కోసం. ఆయా దగ్గరకు తీసుకుంది.

“బంగారుతల్లీ, ఫోన్ చేసిందెవరో నీకేమైనా తెలుసా?”

“ఆఫీసు ఫోన్లోంచి నేనే చేశా,” అంది పిల్ల, ఎడంచేత్తో సంచీ తగిలించుకుంటూ. “మీలో ఎవరో ఒకరు చేస్తారని చాలా రోజులు ఎదురుచూశాను.”